ముప్పైకి తెగే ధార

మేస్త్రిగారు ఆ ఉదయం దవడలో దూది కుక్కుకుని షెడ్డుకి వచ్చారు. ముందురోజు పన్ను పీకించుకున్నారట. రెండు రోజులు మాట్లాడొద్దన్నాడట డాక్టరు.

"అమ్మయ్య, మన చెవులకి సెలవు," అంది వదిన, గరుకు కాగితంతో కుర్చీ కాలు రుద్దుతూ.

ఆయన ఆమె వంక కొరకొరా చూసి, పెన్సిలుతో చెక్కముక్క మీద రాసి నాకు చూపించారు: "బల్లకి ఆఖరి పూత నువ్వే వెయ్యి. బాగా కుదిరితే రేపట్నుంచి కుంచె పని నీదే."

ఏడాదిగా వదిన పక్కన కూర్చుని చెక్కలు రుద్దుతున్నాను. చేతిలోని గరుకు కాగితం పక్కన పడేసి లేచాను.

వార్నిష్ చిక్కదనం చూడటానికి మా దగ్గర అడుగున చిల్లున్న ఇత్తడి గిన్నె ఒకటి ఉంది. దాన్ని డబ్బాలో ముంచి పైకెత్తితే సన్నటి ధార పడుతుంది. మేస్త్రిగారు పైకి లెక్కపెడతారు. ముప్పైకి ధార తెగితే సరైన పాకం. ఇంకా పడుతూ ఉంటే చిక్కన, కుంచె గీతలు కలిసిపోవు. ముందే తెగితే పల్చన, అంచుల మీంచి కారిపోతుంది.

గిన్నె ఎత్తి లెక్కపెట్టాను. నలభై దాటినా ధార తెగలేదు.

"మా నత్తమ్మ లెక్క పూర్తయ్యేసరికి బల్లకి చెదలు పడతాయి," అంది వదిన.

చలికి వార్నిష్ బిగుసుకుందని డబ్బాను గోరువెచ్చని నీళ్లలో పెట్టి కలిపాను. ఈసారి సరిగ్గా ముప్పైకి తెగింది. సంతోషంగా ఒక పాత చెక్క మీద పూసి చూశాను. దువ్వెనతో దువ్వినట్టు గీతలు అలాగే నిలబడ్డాయి.

"కాస్త థిన్నర్ పోసి పల్చబరిచెయ్యరాదూ!"

"ఎక్కువైతే తీయలేం కదా వదినా. ఉన్నది ఈ ఒక్క డబ్బానే."

ఏం చెయ్యాలో తోచక మేస్త్రిగారి వంక చూశాను. ఆయన స్టూలు మీద కూర్చుని నా చేతిలోని గిన్నెనే చూస్తున్నారు. మళ్లీ ముంచి ఎత్తాను. ధార మొదలవగానే ఆయన కుడికాలు నేలను తట్టడం మొదలుపెట్టింది. లెక్కపెట్టేటప్పుడు ఆయన కాలు అలా ఆడటం ఏడాదిగా చూస్తూనే ఉన్నాను. నేను రెండు అంకెలు అనేలోపు అది మూడుసార్లు తట్టింది.

తప్పు వార్నిష్‌ది కాదు, నా నిదానానిది.

నీళ్లు మార్చి ఇంకాస్త వేడి చేశాను. ఈసారి నోరు మూసుకుని ఆయన కాలినే లెక్కపెట్టాను. ముప్పయ్యో తట్టుకి ధార తెగింది.

బల్ల మీద కుంచె నడిపిస్తుంటే వెనక గీతలు మెల్లగా ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. చివరికి చేరేసరికి మొదలుపెట్టిన చోట అద్దంలో లాగా కిటికీ నీడ స్పష్టంగా కనిపించింది. అంచున ఒక్క చుక్కా కారలేదు.

మేస్త్రిగారు వంగి, ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసి, "ఎలా పట్టుకున్నావే?" అనేశారు, డాక్టరు మాట మరిచిపోయి.

"మీ కాలు లెక్కపెడుతుందండీ."

"నా కాలా?"

"షెడ్డులో అందరికీ తెలుసు, మీకు తప్ప," అంది వదిన.

ఆయన తన కాలి వంక అనుమానంగా చూసుకున్నారు. తర్వాత కుర్చీల కోసం నేను గిన్నె ఎత్తితే, పాపం, ఆ కాలు సిగ్గుపడి కదల్లేదు.

ఫరవాలేదనుకున్నాను, ఆయన మూడుకి నావి రెండేగా. నా నిదానంలోనే లెక్కపెట్టాను. ఇరవైకి తెగింది. కుంచె అందుకున్నాను.