మెత్తటి కూర మొద్దుకి చేటు

నేను ఒక చింతమొద్దుని. మస్తాన్ పెద్దకూర కొట్టులో పదకొండేళ్లు కత్తిదెబ్బలు తిన్నాను. చూసినవాళ్లు జాలిపడేవారు గానీ, గట్టి మాంసం దొరికినంతకాలం మొద్దుకి ఢోకా లేదు. కత్తి కండలోనే చిక్కుకుపోతుంది, నాదాకా రాదు.

మా ఊరి దున్నదూడల పుణ్యాన అలా సుఖంగానే గడిచింది. పాలన్నీ మనుషులు తాగి, దూడకి వరిగడ్డి చూపిస్తారు. తర్వాత కూర ఉడకలేదని కట్టెల్ని తిడతారు.

పశువుల్లో మస్తాన్‌కి జాతి పిచ్చి. చర్చి పండగకి రెండు దున్నలు కావాలంటే, సుభానీ అనే పాడిరైతు దగ్గరున్న ముర్రాజాతి సంకరాన్ని ముందే మాట్లాడుకున్నాడు. ఎముకలో అది ఏనుగే. సుభానీ దానికి వేరుశనగ చెక్క పెట్టింది మాత్రం చివరి పదిరోజులే, ఒళ్లు మెరవడానికి. రెండోదిగా, ఒక్క గేదెతో బతికే కరుణమ్మ తన నాటు దున్నదూడని తోలుకొచ్చింది.

"ఇదేందక్కా, మేకనుకున్నా."

"ఒక చన్ను దీనికే వదిలా తమ్ముడూ. రెండేళ్లు తవుడూ ఉలవలూ నా చేత్తో పెట్టా. నువ్వు కాదంటే ఇంకెవరు కొంటారు?"

"జాతి లేంది మేతేం చేస్తది? సరే, ఇంకోటి దొరకలా కాబట్టి తీసుకుంటన్నా. కూర ఉడక్కపోతే మళ్లా నా కొట్టు మెట్టెక్కమాక."

పండగనాడు రెండు గుండిగలు పొయ్యెక్కాయి. పాస్టరుగారు బైబిల్లో మొదటిదైన ఆదికాండం ముగించేసరికి కరుణమ్మ దూడ ఉడికింది. సుభానీది ఇంకా కాలేదని వంటవాడు గుమ్మంలోంచి చెయ్యూపాడు. పాస్టరుగారు నిర్గమకాండంలోకి వెళ్లారు. చివరిదైన ప్రకటన గ్రంథం దాటినా ముక్క రబ్బరులాగే ఉంది. జనం ఆమెన్ అనేసి కరుణమ్మ గుండిగ మీద పడ్డారు. మా కొట్టుకి వచ్చినవాళ్లు చెప్పిన మాట ఇది. నేను ఏమీ కలపలేదు.

మర్నాడు కరుణమ్మ వచ్చి కిందే నిలబడింది.

"మెట్టెక్కొచ్చా తమ్ముడూ?"

మస్తాన్ తల గోక్కున్నాడు. "నీ గేదె చూలు కట్టడానికి ముర్రా సూది నేనేయిస్తానక్కా. పుట్టినదాన్ని నువ్వు మేపు. ఇకమీదట పండగ దున్నలన్నీ నీయే."

"ఇప్పుడు దారికొచ్చావు. ఎముక తండ్రిస్తాడు, కండ మేపినోళ్లివ్వాల."

మూడేళ్లకి ఆ దున్న నామీదికొచ్చింది. మస్తాన్ అలవాటుకొద్దీ బలంగా కొట్టాడు. కత్తి వెన్నలో దిగినట్టు దిగి నా గుండెలో ఆగింది. అప్పటినుంచి అలా మేపినవే కొట్టుకి వచ్చాయి, ప్రతి దెబ్బా నాదే. ఏడాది తిరక్కుండా నడుమ గుంటపడి, చీలి, కొట్టు బయట చెత్తలో పడ్డాను. కరుణమ్మ ఎత్తుకొచ్చి తన పాకలో దాణా తొట్టి కదలకుండా దాని కింద పెట్టుకుంది.

కొట్టులో ఇప్పుడు వేపమొద్దు వేశారట. ఇక్కడ నా నెత్తిన మూడు దూడలు ఉలవలు నములుతున్నాయి. పాపం, వేపది రెండేళ్లు మన్నితే గొప్ప.