ముందుకు తిప్పు

హ్యాండిల్ వెనక్కి తన్నింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. రాజగోపాల్ బంపరు పట్టుకోబోయి నూనె మరకల నేల మీద కూలబడ్డాడు. కుడి ముంజేయి మణికట్టుకు పైన వంకర తిరిగిపోయింది. ఎముక లోపలినుంచి చర్మాన్ని పొడుస్తోంది.

యాభై ఏళ్లనాటి మిలిటరీ పెట్రోలు లారీ అది. సెల్ఫ్ లేదు, ముందువైపు ఇనప హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పి స్టార్టు చేయాల్సిందే. నాలుగింటికి పాత బండ్ల ప్రదర్శనలో ఉండాలి. వైశాలి దారిలోని ఈ మరమ్మతు షెడ్డు యజమాని రఘువీర్. తండ్రి కంటోన్మెంటులో కాంట్రాక్టులు చేసిన తెలుగువాడు. కొడుక్కి తెలుగు అర్థమవుతుంది గాని నోట వచ్చేది ఎక్కువగా హిందీయే.

"ఉఠ్. నాటక్ మత్ కర్," లేవమని, నాటకాలాడొద్దని గద్దిస్తూ రఘువీర్ పడ్డవాడి నడుం మీద బూటుకాలితో తన్నాడు.

కరోల్ బాగ్ విడిభాగాల బజారు నుంచి అప్పుడే వచ్చిన దశరథ్ చూస్తుండగా రెండో తన్ను పడింది. ఆర్మీ వర్క్‌షాపులో ఇరవై రెండేళ్లు పనిచేసి, ఇప్పుడీ షెడ్డులో ఉన్న మెకానిక్ అతను. జేబులో పన్నెండు రూపాయల తోలు వాషరు ఉంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కార్బురేటర్లో పెట్రోలు చిమ్మే చిన్న పంపుది. పాతది అరిగి ఇంజను ఉక్కిరిబిక్కిరవుతోందనీ, తను వచ్చేదాకా ఏదీ ముట్టొద్దనీ పొద్దున చెప్పి వెళ్లాడు.

జరిగింది రాజగోపాల్ అతనికి పళ్లబిగువున చెప్పాడు. యజమానికి ఓపిక లేకపోయింది. స్పార్కు తొందరగా వస్తే బండి బాగా లాగుతుందని ఎక్కడో విన్నాడట. టైమింగు 'ఆగే', అంటే ముందుకు జరపాలనుకుని, తనకొచ్చిన తెలుగులో "ముందుకు తిప్పు" అన్నాడు. రోజుకు నలభై అయిదు రూపాయల హెల్పరు రాజగోపాల్ మాట తప్పకుండా, ఇంజనుకు స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్‌ని, లోపలి రోటరు తిరిగే వైపుకే, ముందుకే తిప్పాడు. అలా తిప్పితే స్పార్కు ఆలస్యమవుతుంది. ఎదురు తిప్పితేనే తొందరపడుతుంది. ఇంజను ఇంకా నీరసించి ఆగిపోయింది. రఘువీర్ అతని చెంప పగలగొట్టి, తనే స్పానర్ అందుకుని, దాన్ని వెనక్కి తిరిగినంత మేరా తిప్పి బిగించాడు. హ్యాండిల్ తిప్పమన్నాడు. పిస్టన్ పైకి రాకముందే మంట అంటుకుని ఎదురు తన్నింది.

రాజగోపాల్ చేసిన తప్పు అతని చేతికి ఏ హానీ చేయలేదు. యజమాని దిద్దుబాటే విరగ్గొట్టింది.

పక్కన టీ కొట్టు నడిపే నాగేంద్రమ్మ రెండు కట్టెపుల్లలు, చీరపేలిక పట్టుకొచ్చింది. చెయ్యి వాస్తోందని మణికట్టు వాచీని ముందుగా విప్పి, అతనికి కనబడేలా చొక్కా జేబులో వేసింది. తర్వాతే కట్టు కట్టింది.

"అంగూఠా లపేటా థా ఇస్నే. అస్పతాల్ మే యహీ బోల్నా," అన్నాడు రఘువీర్. హ్యాండిల్‌కి బొటనవేలు చుట్టకూడదు; అలా చుట్టి పట్టుకున్నాడనీ, తప్పు అతనిదేననీ ఆసుపత్రిలో చెప్పించాలని అతని ఎత్తు. అలా ఒప్పుకుంటే వైద్యం ఖర్చుకు యజమానిని అడిగే దారి మూసుకుపోతుంది. ఈలోగా టైమింగు మళ్లీ పొద్దున పెట్టిన గుర్తు మీదికి తెమ్మని దశరథ్‌కి హుకుం.

దశరథ్ వంగి, "బొటనేలు ఆడియ్యి తమ్మీ," అన్నాడు.

ఆడింది. వాపు దాని దాకా రాలేదు.

"సుట్టి పట్టుకుంటె ముందుగాల గదే ఇరుగుతది సాబ్. ఈయన మంచిగనే పట్టిండు."

"తూ డాక్టర్ హై క్యా?"

"ఇంజనుకు నేనే గద డాక్టర్."

రఘువీర్ హ్యాండిల్ ఊడబీకి దశరథ్ భుజం మీద కొట్టాడు. దశరథ్ తూలి లారీ ఫెండరు రేకు మీద బోర్లా పడ్డాడు. పెదవి పగిలింది. షెడ్డులో మిగతా పనివాళ్లు పనిముట్లు కింద పెట్టారు. నాగేంద్రమ్మ రాజగోపాల్‌ని నడిపించుకుంటూ ఆటో వైపు వెళుతోంది. అతను మాటిమాటికీ వెనక్కి చూస్తూ, నౌకరీ పోతుందా అన్నా అని అడుగుతున్నాడు. 

దశరథ్ రక్తం ఉమ్మి, కింద పడి ఉన్న మేకొకటి తీసుకున్నాడు. డిస్ట్రిబ్యూటర్ మెడ నుంచి ఇంజను ఇనుము మీదికి లోతుగా ఒక గీత గీశాడు. ఇకమీదట దాన్ని వెంట్రుకవాసి కదిపినా గీత రెండు ముక్కలవుతుంది.

"పొద్దుగాల నేను పెట్టిన గుర్తు యాడుంది, గిప్పుడు యాడుంది, పోలీసులు వచ్చి చూసుకుంటరు. నేను దీన్ని ముట్ట. ఎవ్వల్నీ ముట్టనియ్య."

రఘువీర్ మిగతా పనివాళ్లను స్పానర్ తెమ్మన్నాడు. ఎవరూ కదలలేదు. తనే తెచ్చుకున్నాడు. ఇంకో చేతిలో హ్యాండిల్ అలాగే ఉంది.

దశరథ్ అరచేతిని గీత మీద బోర్లించాడు.

హ్యాండిల్ మళ్లీ పైకి లేచింది. అతను చెయ్యి తీయలేదు.