తూర్పు గుంట లోతు

నేను ఒక వెదురు గెడను. దోనె నడిపే గెడను. వల గురించి, పడవ గురించి మనుషులు చాలా చెప్పుకుంటారు. గెడ గురించి ఎవరూ చెప్పుకోరు. చేప పడితే వల మంచిదంటారు, దోనె తిరగబడితే గెడ జారిందంటారు. దానికి నాకేమీ బాధ లేదు. నా బాధ వేరే ఉంది. అది చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి.

ఏజెన్సీ కొండల్లో పెరిగాను. నరికి, వందమందితో కలిపి తెప్పగా కట్టి గోదావరిలో వదిలారు. రాజమండ్రిలో ఒక కలప అడితిలో ఎండాను. అక్కడినుంచి లారీ ఎక్కి ఆకివీడు సంతకు చేరాను. అక్కడ నాంచారయ్య నన్ను చూశాడు. చూడటమంటే మామూలుగా కాదు. పదకొండు గెడల్ని వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి విని, పక్కన పెట్టేశాడు. పన్నెండోదాన్ని నేను. పక్కన నిలబడిన అతని భార్య శేషారత్నం కాళ్ళు నొప్పెట్టి అంది, "నన్ను చూసుకోడానికొచ్చినప్పుడు కూడా ఇంతసేపు చూళ్ళేదయ్యా నువ్వు!"

"నువ్వు ఇరిగిపోతే నేనేం మునిగిపోను గదే," అన్నాడు నాంచారయ్య.

అతను కొల్లేట్లో కొంగలంకవాడు. లంకంటే నీళ్ళ మధ్య మిట్ట. దాని మీద ఎనభై గడపలుండేవి, అందరిదీ చేపల వేటే. నాంచారయ్య నన్ను వరిగడ్డి మంట మీద కాచి వంపు తీశాడు, ఆముదం పట్టించాడు. కింది కొసనుంచి కొలుచుకుని కొడవలితో మూడు గాట్లు పెట్టాడు. మొదటిది మోకాలి లోతు, రెండోది నడుం లోతు, మూడోది పీకల్లోతు. ఆ రోజునుంచి కొల్లేటి అడుగును రోజూ తాకడమే నా పని.

దోనెలో ఇద్దరు ఉండేవారు. నాంచారయ్య ముందు నిలబడి వల విసిరేవాడు. అతని తమ్ముడు గంగరాజు వెనక నిలబడి నన్ను పట్టుకుని దోనెను తోసేవాడు. అంటే నాంచారయ్య నన్ను కొన్నాడే గానీ, నా ఒంటిమీద అరిగిన చోటల్లా గంగరాజు చేతిదే. పదేళ్ళ తేడా ఉండేది వాళ్ళిద్దరికీ. చిన్నప్పుడే తండ్రి పోతే తమ్ముణ్ణి నాంచారయ్యే పెంచాడు.

నాంచారయ్యకు ఒక విద్య ఉండేది. నీళ్ళను చదివేవాడు. పొద్దున్నే రేవులో నన్ను దించి, పైకి తీసి, కొసకు అంటిన బురదను వాసన చూసేవాడు. గాలి ఎటునుంచి ఉందో చెంపతో చూసుకునేవాడు. తర్వాత ఎటు వెళ్ళాలో చెప్పేవాడు. రేవులో ఉన్నవాళ్ళంతా అతని చుట్టూ చేరి, "నాంచారయ్యా, నీళ్ళెట్టా ఉన్నయ్?" అని అడిగేవాళ్ళు. మనుషులు చిత్రమైనవాళ్ళు. పంచాంగం చూస్తారు, కాకి అరుపు వింటారు, ఎడమకన్ను అదిరిందంటారు. చివరికి పక్కవాడు ఎటు పోతే అటు పోతారు. కొంగలంకలో ఆ పక్కవాడు ఇరవై ఏళ్ళపాటు నాంచారయ్యే.

ఆ విద్య అసలు అవసరమయ్యేది భాద్రపదం వెళ్ళి ఆశ్వయుజం వచ్చే రోజుల్లో. వానలు తగ్గుముఖం పడతాయి. ఉదయం నీళ్ళ మీద పొగమంచు, మధ్యాహ్నం నెత్తి మాడే ఎండ. ఆ నెలలో కొల్లేరు ఒకటి కాదు, రెండు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే కొత్తనీళ్ళు ఎర్రగా, చల్లగా, కదులుతూ ఉంటాయి. ఆ నీళ్ళకు చేప ఎదురెక్కుతుంది. కిక్కిస గడ్డి దుబ్బుల సందుల్లో మావులు పెడితే, అంటే వెదురుపుల్లలతో అల్లిన బుట్టలు, బొమ్మిడాయిలూ కొరమీనూ వాటంతట అవే దూరతాయి. ఇక కొత్తనీళ్ళు చేరని చోట నాచు కుళ్ళి నీళ్ళు నల్లబడతాయి. గాలి లేని ఉదయం అక్కడ చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటాయి. తెలియనివాడు ఎన్ని చేపలో అని సంబరపడతాడు. తెలిసినవాడు దోనె తిప్పుకుంటాడు. ఊపిరాడని నీళ్ళవి. అక్కడ అడుగు కూడా అడుగులా ఉండదు, జున్నులా ఉంటుంది.

గంగరాజుకు మంగతాయారుతో పెళ్ళయ్యాక వేరు దోనె, వేరు కాపురం అయ్యాయి. గొడవేమీ లేదు. నేను నాంచారయ్య దగ్గరే ఉండిపోయాను. వేరుపడ్డ రెండేళ్ళకే గంగరాజు మంచి వేటగాడయ్యాడు. అన్న నేర్పిందేగా! ఆ ఏడు వినాయక చవితి వెళ్ళిన వారానికి, రేవులో ఒక పెద్దాయన నాంచారయ్యను దాటుకుంటూ వెళ్ళి, "గంగరాజూ, ఇయాళ ఎటు?" అని అడిగాడు.

అంతే. అంతకు మించి ఏమీ జరగలేదు. కానీ ఆ మాటకు నా మీద ఉన్న నాంచారయ్య చెయ్యి బిగుసుకోవడం నాకు తెలిసింది.

మర్నాడు నాంచారయ్య ఒంటరిగా కొల్లేరంతా తిరిగాడు. ముందు తూర్పు గుంటకు వెళ్ళాడు. నల్లనీళ్ళు. కుళ్ళు వాసన. చేపలు నోళ్ళు తెరుచుకుని తేలుతున్నాయి. నన్ను దించితే మూడో గాటు మునిగింది. ఆపైన కూడా అడుగు తగల్లేదు, మెత్తటి బురదలోకి మూరెడు దిగబడ్డాను. పైకి లాగడానికి అతను రెండు చేతులూ వాడాల్సి వచ్చింది. తర్వాత ఉత్తరానికి వెళ్ళాడు. అక్కడ బుడమేటి ఎర్రనీళ్ళు అప్పుడే కిక్కిసలోకి వస్తున్నాయి. నడుం లోతు, గట్టి అడుగు. చేప నా ఒంటికి తగిలి వెళ్ళేంత మందంగా ఉంది. నాంచారయ్య అక్కడ దోనెలో చాలాసేపు కూర్చున్నాడు. నవ్వుకున్నాడు కూడా.

తెల్లవారి రేవులోకి గంగరాజు కొత్తగా అల్లిన మావులు దోనెనిండా వేసుకుని వచ్చాడు.

"అన్నయ్యా, నీళ్ళెట్టా ఉన్నయ్? నిన్నంతా తిరిగావంటగా?"

అడిగినవాడి మొహంలో ఏ పోటీ లేదు. చిన్నప్పుడు అడిగినట్టే అడిగాడు. నాంచారయ్య నా కొసను చూస్తూ చెప్పాడు.

"తూర్పు గుంటకి పోరా. తేటగా ఉంది. నడుం లోతే. దిగి పెట్టుకో మావులు."

ఒక రోజు వేట పోతుంది, నలుగురిలో చిన్నబోతాడు, రేపటినుంచి మళ్ళీ నన్నే అడుగుతారు. అతను అనుకున్నది ఇంతే. గంగరాజు ప్రాణం మీదకు రావాలని అతను కోరుకోలేదు. ఇది నేను ఎక్కడైనా చెప్పగలను. కానీ "దిగి పెట్టుకో" అన్నమాట కూడా అతని నోటినుంచే వచ్చింది. అదీ నేను విన్నాను.

ఉత్తరాన నాంచారయ్య పెట్టిన మావులు గంటలో నిండాయి. అయినా అతను వాటిని పైకి తియ్యలేదు. తూర్పుకేసి చూస్తూ నిలబడ్డాడు. ఉన్నట్టుండి, "దిగుతాడు ఎదవ. నేను చెబితే చూసుకోకుండా దిగుతాడు," అని పైకే అనేసి దోనె తిప్పాడు. నన్ను అంత బలంగా ఎవరూ ఎప్పుడూ నేలకు పొడవలేదు. రెండు మైళ్ళు. ఎండ ఎక్కింది. అతని ఊపిరి పిల్లనగ్రోవిలా కూసింది.

తూర్పు గుంటలో గంగరాజు దోనె ఖాళీగా తేలుతోంది. మావులు చెల్లాచెదురుగా నీళ్ళ మీద ఉన్నాయి.

"ఒరే గంగా!"

కిక్కిస దుబ్బు అవతల నీళ్ళ మీద మొహం ఒక్కటే కనిపించింది. నోరు మునగకుండా తల వెనక్కి వాల్చి ఉన్నాడు. రెండు చేతుల్తో కిక్కిస ఆకులు పట్టుకున్నాడు, అరచేతులు కోసుకుపోయి నెత్తురు కారుతోంది. దుబ్బు దగ్గర నీళ్ళు కొంచెం తక్కువే గానీ, కాళ్ళు తొడలదాకా బురదలో దిగబడ్డాయి. కదిలితే ఇంకా దిగుతాడు. ఈత వచ్చినవాడికి కూడా ఆ బురదలో ఈత పనికిరాదు.

నాంచారయ్య నన్ను చాచాడు. గంగరాజు నన్ను పట్టుకున్నాడు. ఆ చేతులు నాకు తెలుసు, ఏళ్ళ తరబడి నన్ను పట్టిన చేతులే. ఒక కొసన అన్న, ఒక కొసన తమ్ముడు. నా నడుం పెళపెళమంది, చీలింది, కానీ విరగలేదు. ఎంతసేపు లాగాడో తెలియదు. చివరికి బురద పెద్ద చప్పుడుతో వదిలేసింది.

దోనెలో పడి దగ్గుతున్న గంగరాజు, ఊపిరి తిరిగాక ఒకే మాట అడిగాడు. "నడుం లోతన్నావేందన్నయ్యా?"

అప్పుడు చెప్పేస్తే సరిపోయేది. ఇద్దరే ఉన్నారు, చుట్టూ నీళ్ళు. నాంచారయ్య పెదవులు కదిలాయి.

"నిన్న అంతే ఉందిరా. కొత్తనీళ్ళొచ్చినట్టున్నయ్," అన్నాడు.

గంగరాజు చుట్టూ ఉన్న నీళ్ళకేసి చూశాడు. తర్వాత అన్న మొహంకేసి చూశాడు. "ఊఁ," అన్నాడు.

లంకంతా రేవుకు వచ్చింది. తమ్ముణ్ణి చావునోట్లోంచి లాక్కొచ్చిన అన్న! మంగతాయారు నాంచారయ్య కాళ్ళ మీద పడింది. "మీరు మా పాలిట దేవుడు బావగారూ," అని ఏడ్చింది. నాంచారయ్య కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. అందరూ దాన్ని వినయం అనుకున్నారు. ఆ వారంలోనే అతన్ని కులపెద్దల్లో కూర్చోబెట్టారు. నా చీలికకు ఇనుప కమ్మీ చుట్టి, నాకు పసుపు కుంకుమ పెట్టారు. అబద్ధానికి కూడా ఇంత మర్యాద జరుగుతుందని నాకు అప్పుడే తెలిసింది.

నాంచారయ్య నీళ్ళు చదవడం మానేశాడు. ఎవరడిగినా "మీరే చూసుకోండి" అనేవాడు. తమ్ముడు చావబోయాడని భయపడ్డాడన్నారు. శేషారత్నానికి మాత్రం నిజం చెప్పాడు. ఆమె ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. తర్వాత, "నాకు చెబితే ఏం లాభం? ఎల్లి ఆడికి చెప్పు," అంది. వెళ్ళాడు. వెళ్ళిన ప్రతిసారీ మంగతాయారు పీట వేసి అన్నం పెట్టేది. కొరమీను తలకాయ ఏరి అతని కంచంలోనే వేసేది. ఆ అన్నం తింటూ అతను ఎలా చెబుతాడు? తిని వచ్చేసేవాడు. ఇలా పన్నెండేళ్ళు గడిచాయి. ఈ మధ్యలో శేషారత్నం పోయింది. పోయేముందు కూడా కళ్ళతో అదే అడిగింది.

పన్నెండో ఏడు గంగరాజుకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. ఆశ్వయుజం మొదట్లో ఒక ఉదయం, "అన్నయ్యా, ఒక్కసారి కొల్లేట్లోకి తీసుకుపో," అని కబురు పంపాడు. నాంచారయ్య అతన్ని చేతుల మీద ఎత్తి దోనెలో కూర్చోబెట్టాడు. ఆ రోజు నీళ్ళు చూడముచ్చటగా ఉన్నాయి. ఎర్రదనం తేరుకుని, అడుగున నాచు కనబడేంత తేట. పరిగె చేపలు గుంపులుగా వెండిపోగుల్లా తిరుగుతున్నాయి. నాంచారయ్య నన్ను ఆపి, నా కొసకేసి చూడకుండా, ఈసారి తమ్ముడికేసి చూస్తూ చెప్పాడు.

"గంగా, ఆ రోజు నేను అబద్ధం చెప్పాన్రా."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"ఆ రోజే. కొత్తనీళ్ళయితే ఎర్రగా ఉంటయ్ గదా. నా నోట్లోకి పోయినియ్యి నల్లనీళ్ళు." కొంచెం ఆగి ఊపిరి తీసుకున్నాడు. "నువ్వు నేర్పిందేగా."

"మరి అడగలేదేం రా?"

"అడిగితే నువ్వు ఇంకో అబద్ధం చెప్పాలి. అది ఇనాలనిపించలా. నువ్వే చెప్తావని చూశా. మా ఇంటికొచ్చి కూర్చున్నప్పుడల్లా ఇయాళ చెప్తాడు అనుకునేవోణ్ణి. అన్నం తిని ఎల్లిపోయేవోడివి."

నాంచారయ్య మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. గంగరాజు చెయ్యి చాచాడు గానీ, దోనె ఈ కొసనుంచి ఆ కొసకు అందలేదు. లేవడానికి అతనికి ఓపిక లేదు.

"ఆ రోజే చెప్పుంటే తిట్టేవోణ్ణి. రెండు రోజులు మాట్లాడేవోణ్ణి కాదు. అంతేగా అన్నయ్యా," అన్నాడు. తర్వాత, "ఎండెక్కుతోంది. పోదాం పద," అన్నాడు.

కార్తికం రాకముందే గంగరాజు పోయాడు.

పెద్దకర్మ రోజు భోజనాలప్పుడు ఎవరో పాత సంగతి ఎత్తి, "అన్నంటే నాంచారయ్య!" అన్నారు. నాంచారయ్య విస్తరి ముందునుంచి లేచి నిలబడి మొత్తం చెప్పాడు. తూర్పు గుంట, నల్లనీళ్ళు, తను ఏమన్నదీ, ఎందుకన్నదీ. తర్వాత ఒకాయన అతని భుజం పట్టి కూర్చోబెట్టి, "తమ్ముడు పోయిన దిగులయ్యా, మనిషి మనిషిలో లేడు," అన్నాడు. అంతా తలలూపారు. పన్నెండేళ్ళు చెప్పుకున్న కథను ఒక్క పూటలో వదులుకోవడానికి ఎవరూ సిద్ధంగా లేరు. అబద్ధాన్ని వెంటనే నమ్మిన ఊరు నిజాన్ని నమ్మలేదు.

నమ్మింది మంగతాయారు ఒక్కతే. వడ్డిస్తున్న గరిటె ఆమె చేతిలో ఆగిపోవడం నాంచారయ్య చూశాడు. మర్నాడు ఆమె రేవుకు వచ్చింది.

"ఆయన్ని లాగిన గెడ ఇదేగా బావగారూ? ఇది నాకియ్యండి."

ఇచ్చాడు. ఆమె నన్ను భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. ఆ తర్వాత అతనితో మాట్లాడలేదు.

ఇప్పుడు నేను ఆమె పెరట్లో సొరపాదు పందిరికి రాటను. నీళ్ళకు దూరమై నాలుగేళ్ళయింది. కణుపుల్లో పురుగు చేరింది, ఎంతో కాలం నిలబడను. ముసలి నాంచారయ్య రోజూ పొద్దున ఈ దారినే రేవుకు పోతాడు. వాకిలి ముందు ఆగుతాడు. అతని కర్ర చప్పుడు వినగానే మంగతాయారు లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేది. నాలుగేళ్ళూ అంతే.

నిన్న ఆశ్వయుజ పాడ్యమి. కర్ర చప్పుడు వినబడింది. ఆమె లోపలికి వెళ్ళింది, కానీ తలుపు వెయ్యలేదు. కాళ్ళు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళు తెచ్చి గుమ్మం పక్కన పెట్టి, మళ్ళీ లోపలికి పోయింది. నాంచారయ్య చెంబును చూశాడు. తెరిచి ఉన్న తలుపును చూశాడు. నిలబడినవాడు నిలబడినట్టే ఉండి, చివరికి కర్ర పొడుచుకుంటూ రేవుకేసి వెళ్ళిపోయాడు.

ఆ నీళ్ళు సాయంత్రం దాకా అక్కడే ఉన్నాయి. దీపం పెట్టే వేళకు మంగతాయారు బయటికి వచ్చి, దారికేసి ఒకసారి చూసి, చెంబు తీసుకుని ఆ నీళ్ళు నా మొదట్లో పోసింది.