వెనక రేకుకు పెట్టిన పసుపు

షట్టరు సగం ఎత్తి, వంగి లోపలికి దూరిన ఆరోగ్యం ఎప్పటిలాగే మేకుకు గుచ్చిన అట్టముక్కల దుమ్ము దులుపుతున్నాడు. ముప్ఫైమూడేళ్ల కిందట వైరా నుంచి వచ్చి భద్రాచలంలో బస్సు దిగినప్పుడు అతని పెట్టుబడి ఏడో తరగతి సర్టిఫికెట్టు, రెండు జతల బట్టలు, ఏ వస్తువు ఆకారమైనా ఒక్కసారి చూస్తే మరిచిపోని కళ్లు. సర్టిఫికెట్టును ఎనభయ్యారు వరదలో గోదావరి పట్టుకుపోయింది. బట్టలు ఎప్పుడో చిరిగాయి. కళ్లకు రెండేళ్ల కిందట అద్దాలు పడ్డాయి. అయినా వెంకటనారాయణ సేటు స్పేరుపార్టుల దుకాణం నడిచేది ఆ కళ్ల మీదేనని చింతూరు రోడ్డున జీపులు తోలే వాళ్లందరికీ తెలుసు.

అట్టముక్కల మీద ఉన్నవి బ్రేకు ప్యాడ్ల ఆకారాలు. ఊరికి కొత్త బండి ఏది వచ్చినా, దాని అరిగిన ప్యాడును అట్ట మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసుకుంటాడు. కంపెనీలు పేర్లు మారుస్తాయి, నంబర్లు మారుస్తాయి. ఆకారం మాత్రం అబద్ధం చెప్పదని అతని నమ్మకం.

మనిషి పొట్టి. బరువులు మోసి మోసి కుడి భుజం కాస్త కిందికి జారింది. గోళ్ల సందుల్లోని నలుపు ఆదివారం చర్చికి వెళ్లేముందు ఎంత రుద్దినా పోదు. భార్య సంపూర్ణ అతని చేతికి సత్ప్రసాదం ఇచ్చే ఫాదరుగారిని తలుచుకుని సిగ్గుపడేది. తర్వాత తర్వాత మానేసింది. ఆ పొద్దున ఎడమ చెయ్యి లాగుతోంది. నిన్న సాయంత్రం లారీ బ్యాటరీ ఎత్తినందుకే అనుకున్నాడు.

పదింటికి రవీందర్ ఎర్ర కారు వచ్చి ఆగింది. ఆగేటప్పుడు ఇనుము ఇనుముని కొరికిన చప్పుడైంది. రవీందర్ ఇసుక కాంట్రాక్టరు కొడుకు. హైదరాబాదులో రేసుల పిచ్చి ఉన్నవాడెవరో వాడుకుని అమ్మిన కారును ముచ్చటపడి తెచ్చుకున్నాడు. నేలకు జానెడెత్తులో ఉండే ఆ కారు చుట్టూ పిల్లలు మూగుతుంటే అతనికి గర్వం. ఇవాళ మాత్రం ముఖంలో తొందర ఉంది. రేపు రాజమండ్రి వెళ్లాలి, ఎల్లుండి పుట్టింటి నుంచి భార్య శ్యామలను, ఐదు నెలల బిడ్డను తీసుకుని రావాలి. అంటే మారేడుమిల్లి దాటి ఘాటు రోడ్డంతా దిగుతూ రావాలి.

చేతిలో ఒక నల్లపెట్టె ఉంది. స్నేహితుడు పంపిన రేసు ప్యాడ్లు. వీటికి మించినవి దేశంలో లేవట, బిగిస్తే చాలట.

ఆరోగ్యం ఒక ప్యాడు తీసి గోటితో నొక్కాడు. వంగి దాన్ని సిమెంటు గచ్చు మీద ఒకసారి లాగాడు. గచ్చు మీద తెల్లటి గీత పడింది, ప్యాడు మాత్రం అరగలేదు.

“ఇవి కాగితేనే పట్టుకుంటయి బాబూ,” అన్నాడు. “రేసులో పొద్దంత కాగుతనే ఉంటయి గదా. నువ్వు పొద్దుగాల ఇంట్లకెల్లి బండి తీసినవనుకో, బ్రిడ్జి కాడ బర్రె అడ్డమొస్తే ఇవింకా దుప్పటి కప్పుకొని ఉంటయి.”

“బర్రెకు హారన్ కొడత పెద్దాయనా.”

“బర్రెకు హారన్ తెల్వదు. తెలిస్తే నీ కారు ముందలకు ఎందుకొస్తది?”

సేటు గల్లాపెట్టె దగ్గర నుంచి నవ్వాడు. రవీందర్ నవ్వలేదు. అయితే నీ దగ్గరున్న మామూలువి ఇయ్యి అన్నాడు. ఆరోగ్యం వాటికీ తల అడ్డంగా ఊపాడు. మామూలువి ఊళ్లో బాగా ఆగుతాయి, కానీ ఇంత వేగం పోయే బండి ఘాటు దిగుతుంటే నాలుగో మలుపుకే కాగి జారిపోతాయి, పెడలు కాలి కింద మెత్తబడుతుంది. అమ్మితే సేటుకు అమ్మకమే. అయినా అతను మామూలు ప్యాడ్ల పెట్టె తెరవలేదు.

పక్క రేకుల షెడ్డులో మెకానిక్కు రూప్లా అప్పటికే ముందు చక్రాలు విప్పాడు. ఆరోగ్యం అరిగిన ప్యాడు తెప్పించుకుని అట్ట మీద పెట్టి గీశాడు. మేకుకున్న ముక్కలు ఒక్కొక్కటీ తీసి దాని మీద పెట్టి చూశాడు. చాలాసేపు పట్టింది. రవీందర్ రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. చివరికి ఒక ముక్క అంచుకు అంచు సరిపోయింది. అది పెద్ద డీజిలు బండిది. అదే ఆకారం. బరువు మోసే బండి గనుక వెనక రేకుకు అతికించిన రాపిడి మందు గట్టిది. కాగినా జారదు, చల్లగా ఉన్నా పడుతుంది. పై అరలో ఒకే ఒక్క సెట్టు ఉంది. గచ్చు మీద లాగితే చల్లగా ఉన్నా అరిగి బూడిదరంగు గీత పడింది.

“బిగించినంక యాభై కిలోమీటర్లు మెల్లగ తొక్కుకుంట పో,” అన్నాడు. “డిస్కుకు, దీనికి పరిచయం గావాలె.”

రూప్లా ప్యాడ్లను చేతిలోకి తీసుకుంటుండగా రవీందర్ తల్లి పద్మావతమ్మ ఆటో దిగింది. చేతిలో ఇత్తడి గిన్నె, అందులో నువ్వులనూనెలో కలిపిన పసుపు. కోడలు, మనవడు ఎక్కబోయే బండికి కొత్త వస్తువు వేస్తున్నారని విని వచ్చింది. కొత్త వస్తువుకు పసుపు పెట్టకుండా బండికి ఎక్కించడం వాళ్లింట్లో లేదు. కొంగు దోపుకుని, రెండు వేళ్లు గిన్నెలో ముంచి, ప్యాడు ముఖం వైపు చేయి చాపింది.

ఆరోగ్యం కౌంటరు దాటి షెడ్డులోకి వచ్చాడు.

పదకొండేళ్ల కిందట ఇదే షెడ్డులో ఇలాంటి చెయ్యే ఒకటి ముందుకు వచ్చింది. రూప్లా అన్న హరిలాల్ జీపుకు కొత్త బ్రేకు షూలు తీసుకున్నాడు. అతని భార్య వాటి మీద అతికిన లైనింగుకు, చక్రాన్ని పట్టి ఆపే పొరకే, నూనె పసుపు దట్టంగా పూసింది. కౌంటరు వెనక నుంచి ఆరోగ్యం చూశాడు. నూనె పడ్డ లైనింగు పట్టదని అతనికి తెలుసు. కానీ మెడలో శిలువ ఉన్నవాడు పసుపు వద్దంటే ఏమనుకుంటారోనని నోరు మూసుకున్నాడు. మూడో రోజు ములకలపల్లి సంత నుంచి వస్తూ జీపు వాగు దిగుడులో ఆగలేదు. ఎక్కిన వాళ్లు దెబ్బలతో బయటపడ్డారు. హరిలాల్ బయటపడలేదు. దిగుడు అట్లాంటిది అన్నారు అందరూ. తుక్కుకు వచ్చిన జీపు షూలలో, రివిట్ల గుంటల్లో పసుపు చూసింది ఆరోగ్యం ఒక్కడే. ఫాదరు దగ్గర ఆ మాట ఎన్నోసార్లు ఒప్పుకున్నాడు. క్షమాపణ దొరికింది గానీ లెక్క తెగలేదు.

“అమ్మా, ముఖానికి పెట్టకు,” అన్నాడు.

పద్మావతమ్మ చెయ్యి ఆగింది. “నీ మతం నీది ఆరోగ్యం. మా పసుపుతోని నీకేంది?”

“పసుపుతోని ఏం లేదమ్మా. నూనెతోని. అది తాగితే ప్యాడు పట్టదు. వెనక రేకుకు పెట్టు, ఎంత పెడతవో పెట్టు.” అంతటితో ఆపవచ్చు. ఆపలేదు. అతని కళ్లు రూప్లా వైపు తిరిగాయి. “ఇంతకుముందు ఒకపారి చూసి ఊకున్న. మీ అన్న జీపుకు. చెప్పాల్సింది, చెప్పలే.”

పద్మావతమ్మ ప్యాడును తిప్పి వెనక రేకుకు రెండు బొట్లు పెట్టింది. రూప్లా ఆమె చేతిలోంచి దాన్ని తీసుకున్నాడు. పెట్రోలు గుడ్డతో డిస్కు ఒకసారి తుడిచాడు, మళ్లీ తుడిచాడు. బోల్టులు బిగించి, చక్రాలు ఎక్కించి, కారును పంపించాడు.

మధ్యాహ్నం ఆరోగ్యం షెడ్డు వెనక కుర్చీలో టిఫిను డబ్బా తెరిచి కూర్చుంటే రూప్లా వచ్చి నిలబడ్డాడు. చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

“నువ్వు జూసినవని మా వదినె అప్పుడే చెప్పింది,” అన్నాడు. “నూనె పెట్టొచ్చో లేదో నిన్ను అడుగుదామనుకుందంట. నువ్వు జూసి ఏమనకపోయేసరికి, మంచిదే అనుకుందంట.”

ఆరోగ్యం చేతిలోని ముద్ద మళ్లీ డబ్బాలో పెట్టాడు. “అవ్,” అన్నాడు. “గట్లనే అనుకుంటది.”

“ఇయ్యాల చెప్పినవు గదా. తిను,” అని రూప్లా తన పనికి వెళ్లాడు.

మూడున్నరకు ఎవరో క్లచ్చు ప్లేటు కావాలని వస్తే సేటు లోపలి నుంచి రెండుసార్లు పిలిచాడు. పలకకపోతే రూప్లా వెళ్లి చూశాడు. ఆరోగ్యం తల గోడకు ఆనించి ఉన్నాడు. డబ్బాలో సగం అన్నం అలాగే ఉంది. రూప్లా అతని భుజం మీద చెయ్యి వేసి, తీసి, పక్కన నేల మీద కూర్చున్నాడు. కాసేపటికి గానీ సేటును కేకెయ్యలేదు.

మర్నాడు సాయంత్రం చర్చి వెనక ఆరోగ్యాన్ని మట్టి చేశారు. జీపుల వాళ్లు పాతికమంది దాకా వచ్చారు. సేటు కళ్లజోడు, టిఫిను డబ్బా సంపూర్ణకు అప్పగించాడు. అట్టముక్కలు ఏ బండివో అతనికి తెలియదు, వాటి మీద పేర్లు లేవు.

ఆ పై రోజు రవీందర్ కారు దుకాణం ముందు మెత్తగా ఆగింది. వెనక సీట్లో శ్యామల ఒళ్లో బిడ్డ ఉన్నాడు. విషయం అతనికి అప్పటిదాకా తెలియదు. విన్నాక స్టీరింగు వదలకుండానే, ఘాటంతా బిడ్డ ఒక్కసారి కూడా లేవలేదని, ఆ మాట పెద్దాయనకు చెబుదామని ఆగానని రూప్లాతో అన్నాడు. ముప్ఫైమూడేళ్ల బేరంలో ఆరోగ్యానికి గిట్టింది ఏమిటని ఎవరైనా అడిగితే, పోయింది ఒక హరిలాల్ అనీ, దక్కింది ఘాటు పొడుగునా చెదరని ఒక పసివాడి నిద్ర అనీ చెప్పాలి. ఒకదానికి ఒకటి చెల్లుకు చెల్లు కాదు.

పద్మావతమ్మ మరిచిపోయిన ఇత్తడి గిన్నె షెడ్డు పిట్టగోడ మీదే ఉంది. నూనె పైకి తేలింది, పసుపు అడుగున పేరుకుంది, దాని మీద రెండు వేళ్లు ముంచిన గుంటలు ఇంకా పూడలేదు.