పురిటి కబురు

ఇసోకిచికి ఆ ప్రయాణంలో కొత్త అలవాటు ఒకటి పట్టుకుంది. నిద్ర లేవగానే ముఖమైనా కడుక్కోకుండా వైర్‌లెస్ గది గుమ్మం దగ్గరికి పోయి నిలబడేవాడు.

"ఏమైనా వచ్చిందా నొమురా గారూ?"

"వస్తే నేనేమన్నా దాచుకు తింటానా? పోవయ్యా, పోయి పళ్ళు తోముకో."

రోజూ అదే ప్రశ్న, అదే జవాబు.

తోసా రేవులో పడవ ఎక్కేనాటికి భార్య మిసావో కడుపుతో ఉంది. ఇప్పటికి నెలలు నిండాయి. అంతకు ముందు రెండు కాన్పులూ దక్కలేదు. రెండోసారి మిసావోనే దక్కదనుకున్నారు. అప్పుడూ అతను సముద్రం మీదే ఉన్నాడు. ఇంటికి పోయేసరికి అంతా అయిపోయి, ఆమె గోడకి ఆనుకుని వల అల్లుతూ కూర్చుంది. ఈసారి ఏదైనా సరే వెంటనే కబురు పెట్టమని అత్తగారికి చెప్పి చెప్పి వచ్చాడు. మనిషి బతికిందా, బిడ్డ బతికిందా, అతనికి కావలసింది అంతే.

పడవలో అందరికీ ఈ సంగతి తెలుసు. ఇంకో సంగతీ తెలుసు. భార్యకి పురుడొస్తే మొగుడికీ మైలే. సూర చేపకి ఆ మైల గిట్టదు. కబురు చెవిన పడ్డ క్షణం నుంచి వారం పాటు గాలపు గడ ముట్టకూడదు, పడవ ముక్కు ఎక్కకూడదు, పదిమందికి వండిన పొయ్యి మీది మెతుకు తినకూడదు. చెవిన పడనంతవరకూ మైల లేదు.

ఇసోకిచి నిలబడేది పడవ ముక్కు మీదే. మొదటి గడ అతనిది.

ఆ ఏడు చేప ముఖం చాటేసింది. నల్లనీటి ప్రవాహం పట్టుకుని ఉత్తరానికి, ఇంకా ఉత్తరానికి వచ్చారు. కింకజాన్ కొండ కూడా దాటారు. గాలాలు తడవడమే గాని బరువెక్కింది లేదు. తొట్టెలో ఎర కోసం తెచ్చిన కవళ్ళు చచ్చి తేలుతున్నాయి. సరంగు ఇవాగొరో ఎవరితోనూ మాట్లాడడం మానేశాడు.

అలాంటి రోజున పొద్దున్నే ఇసోకిచి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమైనా వచ్చిందా?"

నొమురా తల ఎత్తలేదు. "ఏం రాలేదయ్యా. కూర్చో. టీ తాగుతావా?"

ఆ గదిలో ఎవరికీ ఎన్నడూ టీ దక్కలేదు. ఇసోకిచి తాగకుండానే వెళ్ళిపోయాడు.

అన్నం దగ్గర వంటవాడు గెన్‌పాచి అతని గిన్నెలో, నిన్న పడ్డ నాలుగంటే నాలుగు చేపల గుండెకాయలూ వేశాడు. చేపకి ఒక్కటే ఉంటుంది గుండె, ఉప్పేసి కాలిస్తే సరంగుకి పెట్టాల్సిన ముక్క.

"తిను నాయనా."

"నిన్నటిదాకా నా పొట్ట పడవంత ఉందన్నావు కదా బాబాయ్?"

"నిన్న నిన్నే. తిను."

రెండో గడ ఉషిమాత్సుది. ఇసోకిచి చోటు కోసం ఏళ్ళుగా కాచుకుని ఉన్నవాడు. పొద్దున లేస్తే "ఇంకా చావలేదా ముసలోడా" అని పలకరించేవాడు. ఆ రోజు పక్కకి తప్పుకుని, "అన్నా, తడిగా ఉంది, కాలు జాగ్రత్త" అన్నాడు.

ఇసోకిచి ముక్కు ఎక్కి గాలం సరిచూసుకున్నాడు. తిట్టేవాడు తిట్టకపోతే, పెట్టనివాడు పెడితే, దాని అర్థమేమిటి? మిసావో పోయింది. అందరికీ తెలుసు, తనకొక్కడికే తెలియదు.

"పిట్టలు!" అని పైనుంచి కేక వచ్చింది.

పిట్టలు మూగిన చోట కింద చేప ఉంటుంది. పడవ అటు తిరిగింది. చేపని మభ్యపెట్టడానికి గొట్టాలు నీళ్ళు చిమ్మాయి. దోసిళ్ళతో బతికిన కవళ్ళు విసిరారు. నీరు ఒక్కసారిగా ఉడికినట్టు పొంగింది. గాలం పడడం ఆలస్యం, చేప గాలిలో ఉంది. ఎగిరొచ్చిన దాన్ని ఎడమ చంకలో ఇరికించడం, గాలం ఊడదీయడం, పడవలోకి వదలడం, మళ్ళీ విసరడం. ఇసోకిచి చేతులు వాటంతట అవే పని చేస్తున్నాయి. మనిషి మాత్రం తోసాలో, ఆ గోడ దగ్గర ఉన్నాడు.

ఒక చేప చంకలో కొట్టుకుంటోంది. వెచ్చగా, బరువుగా ఉంది. దాన్ని వదలడం మరిచిపోయాడు.

"ఏంటన్నా, పాలు పడతావా దానికి?" అని అరిచాడు ఉషిమాత్సు.

అని, నాలిక కరుచుకున్నాడు. వరసంతా బిగుసుకుపోయింది. వెనకాల కవళ్ళ తొట్టె దగ్గర గెన్‌పాచి నవ్వు ఆపుకోలేక ముఖం తిప్పేసుకున్నాడు.

ఇసోకిచి చేపని వదిలాడు. నవ్వా? చావుకి ఎవడూ నవ్వు మింగడు. అప్పుడు తట్టింది. అసలు చావైతే దాచే పనేముంది? చావు మైలంటే చేపకి ఇష్టం, ఇంకా దగ్గరికొస్తుంది. ఉషిమాత్సు తండ్రి పోయిన కబురు సరంగు ఇక్కడే, ఇదే ముక్కు మీద చెప్పి, "ఇక వెయ్యరా, సముద్రం జాలి పడుతుంది" అన్నాడు. దాచాల్సింది ఒక్కటే, పురుడు.

గడ దించాడు.

"ఏరా, ఏమైంది?" సరంగు గొంతు అరిగిపోయి ఉంది.

"పురుడొచ్చింది మా ఇంట్లో."

"ఎవడు చెప్పాడు?"

"ఎవరూ చెప్పలేదు."

"అయితే నీకు తెలీదు! ఆడో మగో తెలుసా? తెలీదు. ఎత్తు గడ. ఆ పిట్టలు లేచిపోయాక నేనే చెప్తాను, నా నోటితో. కాసేపు ఓర్చుకోలేవురా? ఇంతమంది కడుపులు చూడు."

సరంగు అన్నది అబద్ధం కాదు. అందరి సంవత్సరం ఆ నీళ్ళలో ఎగురుతోంది. ఇసోకిచి గడ మళ్ళీ ఎత్తాడు. గాలం విసరబోయాడు, చెయ్యి లేవలేదు. రెండు కాన్పుల కబుర్లూ అతనికి ఆఖరున అందాయి. ఇంకోసారి ఆఖరువాడు కాలేడు.

"ఉషిమాత్సూ, ఇలా రా. నుంచో."

"నేనడిగింది ఇలాగ కాదన్నా."

"తెలుసు. నుంచో."

కిందికి దిగి, ఎవరికీ తగలకుండా అంచు పట్టుకుని పడవ వెనక అమరం దాకా నడిచాడు. సరంగు ఏడు తరాలనీ తిట్టాడు. ఆ తర్వాత, "ముక్కు మీద ఉప్పు చల్లండి, మైల పోవాలి! వాడికో కుంపటి, చారెడు బియ్యం పడేయండి!" అని అరిచాడు. ఉషిమాత్సు గడకి చేప పడిందో లేదో ఇసోకిచి చూడలేదు. మైలవాడు చేప వైపు చూడకూడదు. పడవ వెనకాల నురగ గీత దక్షిణానికి, ఇంటి వైపుకి, కొంచెం దూరం పోయి చెరిగిపోతోంది. సీజను అయ్యేలోపు ఆ దారి పట్టేది లేదు.

నొమురా వచ్చి దూరంగా నిలబడ్డాడు.

"ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం."

ఇసోకిచి అంచు వదిలి అతని వైపు తిరిగాడు.

"ఏడుపు గట్టిగానే ఉందంటా?"

"టెలిగ్రాంలో ఏడుపు రాస్తారటయ్యా?"

"ఇంకోసారి చదవండి."

చదివాడు. మూడోసారి అడగకుండానే చదివాడు, కాస్త నెమ్మదిగా.