లోపటికి తిరిగిన ఎంటికలు

మా అత్త సత్తెమ్మకు కనురెప్పల ఎంటికలు లోపటికి తిరిగినయి. రెప్ప కొట్టినప్పుడల్లా గుడ్డుకు గీసుకుంటుండె. సంతోష్‌నగర్ల మాకు బర్లు ఉండె. పొద్దుగాల పాలు పిండుడు అయినంక ఆమెను ఎండకు కూసోబెట్టి, చిన్న చిమ్టాతోని ఒక్కొక్కటి పీకుతుంటి. అత్త నా మోకాలు గట్టిగ పట్టుకుంటుండె. కొన్నొద్దులు సుకంగుండె, మళ్ల మొలుస్తుండె. కుడికన్ను అప్పటికే తెల్లగైపోయింది. ఎడమకంటితోనే ఇల్లంత తిరుగుతుండె.

దవాఖాన మాటెత్తితే మాత్రం వణికిపోతుండె. ధూల్‌పేట్ల ఉండే వాళ్ల అక్కకు గల్లీల తిరిగే మందులాయన ఎవడో రెప్ప కోసిండంట. చీము పట్టి కన్ను పోయింది.

"ఉన్న ఒక్కటి గూడ తీసేస్తరా?" అని తలుపు పట్టుకోని ఏడుస్తుండె.

డెబ్బై నాలుగుల, ఎండకాలం. బర్రె కింద కూసోని పాలు పిండుతుంటే నా కంట్ల నలుసు పడ్డట్టయింది. నీళ్లు కొట్టుకున్న. పోలే. కొంగుతో తుడ్సుకున్న. పోలే. అద్దంల చూసుకుంటే పైరెప్పకు ఒక ఎంటిక లోపటికి వంగి గుడ్డుకు ఆనుకోనున్నది. నాకింకా ముప్పై ఏండ్లు గూడ నిండలే.

ఎవరికీ చెప్పలే. నాది నేనే పీక్కున్న. అప్పటిసంది ఒకటే బుగులు. ఒక కన్ను మూసి, దండెం మీది బట్టల అంచులు మసకబడ్డయా అని రోజూ చూస్తుంటి. అత్త గోడ తడుముకుంట నడుస్తుంటే, అవి నా చేతులే అనిపిస్తుండె. మా చిన్నదానికి గూడ లేవంగనే రెప్పలు పుసితోని అంటుకోని ఉంటుండె. "కండ్లకలకేలే," అన్నడు మా ఆయన కొండల్. గంతే అయితే బాగుండు అనుకున్న.

ఒకనాడు అత్తకు పీకుతుంటే నా కంటినీళ్లు ఆమె మొకం మీద పడ్డయి.

"ఏడుస్తున్నవా, రాజమణీ?"

"లేదత్తా. పొగ."

"పొయ్యి ఆరి ఎంతసేపాయె."

నా మొకం దొరకబట్టి, బొటనవేలుతోని రెప్ప మెల్లగ తడిమింది. అంచు బోడిగున్నది. అక్కడక్కడ మొండి ఎంటికలు ఆమె వేలికి తగిలినయి.

"నాది నీకెట్లొచ్చె, బిడ్డా?"

తెల్లారి నేను అడగకముందే చెప్పులేసుకోని గడపకాడ నిలవడ్డది. "నడువు. దవాఖానకు పోదాం. చిన్నదాన్ని గూడ తీసుకో."

డాక్టరమ్మ పేరు లక్ష్మీకాంతమ్మ. ముగ్గురి రెప్పలు తిప్పి చూసింది. చిన్నదాని రెప్ప లోపల ఎర్రగ, రవ్వలెక్క పొక్కులున్నయి.

"దీన్ని ట్రకోమా అంటారు. ఒకరి పుసి ఇంకొకరి కంటికి చేరి అంటుకుంటుంది. చేతులు, ఒకే తువ్వాల, కొంగు, సుర్మా పుల్ల, ఈగలు. పాపది ఇంకా మొదట్లోనే ఉంది, మలాం పెడితే తగ్గుతుంది. మీ ఇద్దరికీ రెప్ప అంచు బయటికి తిప్పి కుట్టాలి. ఆలస్యం చేస్తే కన్ను తెల్లబడుతుంది."

మా ఇంట్ల అందరికీ కండ్లకు సుర్మా పెట్టుకునే పుల్ల ఒక్కటే. అత్త నన్ను వెనకకు జరిపింది.

"ముందుగాల నాకు చెయ్యి, డాక్టరమ్మా. నాకేమన్నైతే నా కోడలిని ముట్టకు."

"భయం లేదామ్మా?"

"మస్తున్నది. అయినా చెయ్యి."

అత్తను లోపటికి తోల్కపోయి తలుపేసిండ్రు. లోపల్నుంచి ఒక్కపారి "వామ్మో" అన్నది వినవడ్డది. తర్వాత సప్పుడు లేదు. ఆ సప్పుడు లేకపోవుడే నాకు ఎక్కువ బుగులైంది. మాతోని వచ్చిన కొండల్ బీడీ తీసి, ముట్టియ్యకనే మళ్ల జేబుల పెట్టుకుండు.

కట్టు విప్పిన దినం డాక్టరమ్మ దూది తీసినా అత్త కన్ను తెరువలే.

"తెరువత్తా."

"తెరువ. కన్ను ఉన్నదా లేదా, నువ్వు జెప్పు."

"ఉన్నదత్తా."

మెల్లగ తెరిచింది. ఎర్రగుంది, వాచింది. నన్నే చూసింది. "గీస్కపోతలేదు," అన్నది. ఇంకోపారి రెప్ప కొట్టింది. "ఉత్తగనే పడ్తుంది రెప్ప." తెల్లబడ్డ కుడికన్ను మాత్రం మళ్ల రాదని డాక్టరమ్మ ముందే చెప్పింది.

తర్వాత నా వంతు. రెప్పల మత్తు సూది దిగినప్పుడు మంచం అంచు గట్టిగ పట్టుకున్న. నొప్పి తెలువలే గని, దారం గుంజుతుంటే తెలుస్తుండె. కట్టు కట్టినంక రెండు కండ్లల్ల చీకటి. ఆ చీకట్ల మా చిన్నదాని మొకం యాది తెచ్చుకోబోతే ముక్కు వస్తుండె, నవ్వు వస్తుండె, మొకం మొత్తం రాకపోతుండె. గంత భయం నాకు ఎప్పుడూ కాలే. అత్త నా పక్కన్నే కూసోని చెయ్యి ఇడువలే.

నా కన్ను దక్కింది. ఇంట్ల ఎవల తువ్వాల వాళ్లకు చేసినం, సుర్మా పుల్ల పారేసినం. చిన్నది లొల్లి జేస్తుంటే అత్త గదవ పట్టుకునేది, నేను మలాం పెట్టేదాన్ని.

మలాం అయిపోయినంక మళ్ల చూపియ్యనీకి పోయినం. డాక్టరమ్మ దాని రెప్ప తిప్పుతుంటే నేను గోడదిక్కు మర్లిన.

"పొక్కులు తగ్గాయి. మచ్చ కూడా పడలేదు," అన్నది.

"ఇంకోపారి చూడమ్మా," అన్న.

డాక్టరమ్మ దీపం దగ్గరికి జరుపుకోని మళ్ల తిప్పి చూసింది.