నలభై దాటని బండి

నేను ఒక మోటారు సైకిల్ ఇంజన్ని. నాలో పోసింది ఆయిలే గానీ జాలి కాదు. కాబట్టి నా దగ్గర కన్నీటి కబుర్లు ఆశించకండి.

ఫ్యాక్టరీలో పుట్టి, షోరూంలో కొన్నాళ్ళు మెరిసి, ప్రత్తిపాడు దగ్గర ఒక ఊళ్ళో లోవబాబు ఇంటికి చేరాను. హెడ్‌లైటుకి బొట్టు పెట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు. లోవబాబు సంబరంగా సీటెక్కబోతే వాళ్ళ నాన్న నూకరాజు అడ్డొచ్చాడు. జన్మంతా లారీ తోలిన మనిషి.

"కొత్తింజనురా. లోపల సామానంతా ఒకదానికొకటి రాసుకుని సర్దుకోవాల. మొదటి సర్వీసు అయ్యేదాకా నలభై దాటించావంటే చెయ్యిరగ్గొడతాను!"

ముసలాడు చెప్పింది నిజమే. కొత్తలో నా పిస్టనూ సిలిండరూ ఒకే ఇంట్లో పడ్డ తోడికోడళ్ళు. తొందరపెడితే గీరుకుంటాయి. అయితే ఏదో ఒక్కరోజు తొందరపెట్టినంత మాత్రాన కొంపేం మునగదు. ఆ ముక్క ఆయనకెవరు చెప్తారు? లోవబాబా? పెళ్ళై పిల్లలున్నా నాన్న దగ్గితే లేచి నిలబడే రకం వాడు!

అప్పట్నుంచి నూకరాజు వెనక సీటు వదల్లేదు. కొడుకు భుజం మీదుగా మీటరు చూడటం, ముల్లు నలభై దాటితే ఆ భుజం మీదే చరచడం. ఊరంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

ఒక ఆదివారం పొద్దున్న ఆయన గుండె పట్టుకుని కూలబడ్డాడు. కోడలు మంగ ఆటో పిలవమని అరిచింది.

"కొత్త బండి ఇంట్లో పెట్టుకుని ఆటో ఏంటే!" అన్నాడు ముసలాడు, చెమటలు కక్కుతూనే.

లోవబాబు ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని, తువ్వాలుతో తన నడుముకి కట్టుకుని కాకినాడ రోడ్డెక్కాడు. ఎక్స్‌లేటరు బలంగా తిప్పాడు. నేను ఉరికాను. అంతలో భుజం మీద దెబ్బ పడింది.

"నలభైరా, సన్నాసీ! ఇంజను పాడైపోద్ది!"

"నీకు బాలేదు నానా!"

"నాకేం కాదు. తగ్గించు."

తగ్గించాడు. బుద్ధిమంతుడు కదా! గడ్డిమోపు వేసుకున్న మోపెడ్ కూడా మమ్మల్ని దాటిపోయింది. కాసేపటికి మళ్ళీ తిప్పబోయాడు. మళ్ళీ దెబ్బ, ఈసారి మెత్తగా. పిఠాపురం దాటాక దెబ్బలు ఆగిపోయాయి. నాన్నకి నెమ్మదించిందనుకుని వాడు అదే నలభైలో ఆసుపత్రి దాకా తోలాడు. అక్కడ తువ్వాలు విప్పితే ముసలాడు పక్కకి వాలిపోయాడు. కాస్త ముందు తెస్తే బతికేవాడని డాక్టరు చెప్పాడట.

అస్థికలు గోదావరిలో కలపడానికి కుండని అదే తువ్వాలుతో వెనక సీటుకి కట్టుకుని బయల్దేరాడు లోవబాబు. హైవే ఎక్కగానే నన్ను వంద దాకా లాగాడు. భుజం మీద ఎవరూ కొట్టలేదు. నేను కిక్కురుమనకుండా పరిగెత్తాను.

దారిలో బండి ఆపి, వంగి, నా చప్పుడు విన్నాడు. ఏమాత్రం తేడా లేదు. అక్కడే రోడ్డు పక్కన కూలబడి, నోట్లో చొక్కా కుక్కుకుని ఏడ్చాడు. నేను పాడైపోయి ఉంటే వాడికి కాస్త ఊరటగా ఉండేది. ఆ ఊరట నేనివ్వలేదు.